అఖెనాటెన్ తర్వాత గద్దె ఎవరిది? వారస్ ఫైలు కట్టే పద్ధతిలో తేల్చుకోవడం

ముందుగా వీడియోలు ఆపేయండి. ఒక పెద్ద చార్ట్ పేపరు, పెన్సిలు, రబ్బరు తెచ్చుకోండి. పెన్ను కూడా పక్కన పెట్టుకోండి. ఖాయమైనది పెన్నుతో, అనుమానమున్నది పెన్సిలుతో రాయాలి, కాబట్టి పెన్నుతో పని తక్కువే పడుతుంది.

పాత దేవుళ్లను పక్కకు నెట్టి సూర్యబింబమే దేవుడన్న అఖెనాటెన్ చచ్చిపోయాక ఈజిప్టు గద్దె ఎవరెక్కారు? పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఈ ప్రశ్న పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. "అక్కా, ఒక వీడియోలో అతని రాణి నెఫర్‌టీటీ అంటారు, ఇంకోదాంట్లో స్మెంఖ్‌కరె అంటారు, మా గైడులో నేరుగా పిల్లరాజు టుటన్‌ఖామునే ఉంది. ఏది రాయాలి?" నన్నే అడగడానికి కారణముంది. మహారాష్ట్రలోని సిరొంచ తహసీల్ ఆఫీసు దగ్గర రేకుల షెడ్డు కింద కూర్చుని వారస్ (వారసత్వం) అర్జీలు, ఫేర్‌ఫార్ (భూమి రికార్డులో పేరు మార్పు) అర్జీలు రాసివ్వడం నా బతుకుతెరువు. అంకీసా, ఆసరల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు తెలుగులో గోడు చెప్పుకుంటారు, నేను దాన్ని మరాఠీలో కాగితం మీద పెడతాను. తాత పోయాడు, తండ్రి పోయాడు, పెద్దకొడుకు గోదావరి దాటి కాళేశ్వరం వైపు వెళ్లి స్థిరపడ్డాడు, భూమి మాత్రం ఇంకా ముత్తాత పేరు మీదే ఉంది. ఇలాంటివే అన్నీ. ఈజిప్టు గురించి చదవడం నాకున్న ఒకే ఒక్క సరదా. చదివే కొద్దీ అఖెనాటెన్ పుట్టిన పద్దెనిమిదో రాజవంశం చివరి భాగం చిక్కుపడ్డ వారస్ ఫైలులాగే కనబడింది. కాబట్టి నాకు చేతనైన పద్ధతిలోనే చెప్తాను.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటిది పేరు. రెండోది, ఏ ఏట, ఏ వస్తువు మీద ఆ పేరు దొరికింది. మూడోది, ఆ రాత ఎవరు రాయించారు. నాలుగోది, తర్వాత ఎవరైనా దాన్ని దిద్దారా, చెక్కేశారా.

ఆ నాలుగో గడి వదిలేస్తే మొత్తం పని దండగ. సాత్‌బారా అంటే మా దగ్గర భూమి హక్కుల రికార్డు, అందులో పాత హక్కుదారు పేరును చెరిపెయ్యరు. కంసులో (బ్రాకెట్లో) పెట్టి పక్కన ఫేర్‌ఫార్ నంబరు వేస్తారు. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, ఏ ఎంట్రీతో వచ్చారు అన్నది యాభై ఏళ్ల తర్వాత చూసినా తెలుస్తుంది. ఈజిప్టులో ఆ మర్యాద లేదు, ఉలి తీసుకుని చెక్కేశారు. అయితే ఉలి పడ్డ గుంట కూడా ఒక ఎంట్రీయే. ఎవరి పేరు పోయింది, దాని మీద ఎవరి పేరు ఎక్కింది, పని సగంలో ఎక్కడ ఆపేశారు అన్నది చూసుకుంటే చెక్కించినవాడు కూడా దొరుకుతాడు.

తేదీల గొడవ ఇక్కడే తేల్చుకోండి. వాళ్లకు మన శకాల్లాంటి లెక్క లేదు. కొత్త రాజు వస్తే మళ్లీ 1వ ఏడు నుంచి మొదలు. అందుకే క్రీస్తుపూర్వం లెక్కలు పుస్తకానికీ పుస్తకానికీ కొన్నేళ్లు తేడా వస్తాయి. కాగితం నెత్తి మీద "సుమారు క్రీ.పూ. 1353, అఖెనాటెన్ గద్దెనెక్కాడు, సుమారు క్రీ.పూ. 1323, టుటన్‌ఖామున్ చనిపోయాడు" అని రాసి ఊరుకోండి. లోపల అంతా ఫలానా రాజు ఫలానా ఏడు అనే రాయాలి.

మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టండి

ఏ ఫైలైనా వివాదం లేని మనిషి దగ్గర మొదలవ్వాలి. ఇక్కడ ఆ మనిషి మూడో అమెన్‌హోటెప్. దాదాపు 38 ఏళ్లు ఏలాడు, పట్టమహిషి తియే. అసలు వారసుడు పెద్దకొడుకు థుట్మోస్. మెంఫిస్‌లో ప్టా దేవుడి ప్రధాన పూజారిగా ఉండి, తండ్రి బతికుండగానే పోయాడు. పెంపుడు పిల్లికి ఈ రాకుమారుడు చేయించిన రాతి శవపేటిక కైరో మ్యూజియంలో ఉంది. పిల్లి పేరు తా-మియు. రాజు కావాల్సిన మనిషి గుర్తుగా మనకు బాగా మిగిలింది పిల్లి పెట్టె అని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. అతను బతికుంటే తమ్ముడికి గద్దె వచ్చేది కాదు.

ఆ తమ్ముడే నాలుగో అమెన్‌హోటెప్. 5వ ఏట పేరు మార్చుకుని అఖెనాటెన్ అయ్యాడు. ఇద్దరికీ రెండు వరసలు వేయకండి, మనిషి ఒక్కడే. టుటన్‌ఖాటెన్, టుటన్‌ఖామున్ కూడా ఒక్కడే. అతని భార్య అంఖెసెన్‌పాటెన్, అంఖెసెనామున్ ఒక్కతే. ఇంట్లో వెంకటి, సాత్‌బారాలో వ్యంకటి, ఆధార్‌లో ఇంకో రకంగా ఉన్న ఒకే మనిషికి నేను రోజూ అఫిడవిట్లు రాస్తుంటాను, నాకిది కొత్త కాదు. కాకపోతే ఈజిప్టులో పేరు మార్పు గుమాస్తా పొరపాటు కాదు. పేరులో ఆటెన్ (ఆ సూర్యబింబం దేవుడు) ఉంటే ఒక పక్షం, అమున్ (పాత దేవుళ్లలో పెద్దవాడు) ఉంటే ఇంకో పక్షం. కాబట్టి పేరు మారిన ప్రతిచోటా ఏ దేవుడు పోయి ఏ దేవుడు వచ్చాడో చిన్నగా రాసుకోండి. మత మార్పు తేదీలు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

దేవుడి గొడవను పక్క ఫైలులో పెట్టొద్దు

చాలామంది మత మార్పును ఒక పాఠంగా, వారసత్వాన్ని ఇంకో పాఠంగా చదువుతారు. అలా చదివితే రెండూ అర్థం కావు.

అఖెనాటెన్ కట్టించిన కొత్త నగరం అఖెటాటెన్. ఇప్పుడు అమర్నా అంటాం, కైరోకు దక్షిణంగా 300 కిలోమీటర్ల పైచిలుకు. ఆ నగరం చుట్టూ కొండరాళ్ల మీద సరిహద్దు శాసనాలు చెక్కించాడు. మా వృత్తివాళ్లు చదివితే వాటిని దస్తావేజు అనే అంటారు. ఈ స్థలం ఇంతకుముందు ఏ దేవుడిదీ, ఏ దేవతదీ, ఏ రాజుదీ కాదని ముందే రాయించాడు, అంటే టైటిల్ క్లియర్. ఉత్తరం రాయి నుంచి దక్షిణం రాయి దాకా 6 ఇతేరు, 1¾ ఖెత్, 4 మూరలు అని మూరలతో సహా కొలత వేయించాడు. నేను, నెఫర్‌టీటీ, పెద్దకూతురు మెరిటాటెన్ ఎక్కడ చచ్చినా తెచ్చి ఇక్కడే పెట్టాలని షరతు కూడా పెట్టాడు. హద్దులు, హక్కు, షరతు అన్నీ ఉన్నాయి. తన తర్వాత గద్దె ఎవరిదన్న మాట మాత్రం అందులో లేదు.

ఇక పూజ ఎలా జరిగేదో చూడండి. ఆటెన్‌కు విగ్రహం లేదు, పురాణం లేదు. కిరణాల చివర చేతులున్న బింబం ఒక్కటే. ఆ చేతులు ఊపిరి గుర్తును అందించేది రాజుకూ రాణికే. పెద్ద అధికారుల ఇళ్లలో పూజకు పెట్టుకున్న రాతిపలకల మీద ఉన్నది రాజు, రాణి, పిల్లలు. అంటే దేవుడి దగ్గరికి దారి ఆ కుటుంబం గుండానే. అమున్ గుడి అలా కాదు. దానికి భూములున్నాయి, మందలున్నాయి, పడవలున్నాయి, తరతరాల పూజారులున్నారు. రాజు పోయినా గుడి నడుస్తుంది. ఆటెన్ విషయంలో రాజు పోతే మధ్యవర్తే పోయినట్టు. అందుకని ఇక్కడ గద్దె ఎవరిదన్న ప్రశ్నా దేవుడెవరన్న ప్రశ్నా ఒకటే అయిపోయాయి. ఆరుగురు కూతుళ్లు గోడల మీద కనబడతారు, కొడుకు కనబడడు. అమున్ పేరును దేశమంతా వెతికి మరీ చెక్కించాడు. సొంత తండ్రి పేరులో ఉన్న అమున్ ముక్కను కూడా వదల్లేదు. పనివాళ్ల ఇళ్లలో మాత్రం బెస్, తవెరెత్ లాంటి ఇంటి దేవతల బొమ్మలు దొరికాయి. పురుడు, పిల్లల భయాలకు ఆడవాళ్లు పాత దేవతలనే పట్టుకున్నారన్నమాట. ఎవరు మానుతారు?

తేదీ లేని రాయి ఎదురైతే ఒక చిట్కా. రాజుల పేర్లకు మాత్రమే గీసే గుండ్రటి చట్రంలోనే ఆటెన్ పేరు కూడా రాశారు, అదీ రెండు చట్రాల్లో. పాలన మధ్యలో ఆ పేరును మార్చి హోరస్ అనే పాత దేవుడి ప్రస్తావన తీసేశారు. రాయి మీద పాత రూపముంటే మొదటి సగం, కొత్త రూపముంటే రెండో సగం. రెండో గడిలో ఆ మాట రాసుకోండి.

12వ ఏడు నుంచి చిక్కు

ఇక్కడ పెన్సిలు చెక్కుకోండి, చాలాసేపు కూర్చోవాలి.

12వ ఏట విదేశాల కానుకలు అందుకునే పెద్ద వేడుక జరిగింది. హుయా, మెరిరె అనే ఇద్దరు అధికారుల సమాధుల్లో బొమ్మలున్నాయి. కుటుంబమంతా కలిసి కనబడే ఆఖరి పెద్ద దృశ్యం అదే. ఆ తర్వాత నెఫర్‌టీటీ మాయమైందని, భర్త వెళ్లగొట్టాడని ఎన్నో కథలు. 2012లో ఆ కథలకు చెక్ పడింది. అమర్నా దగ్గరి డేర్ అబూ హిన్నిస్ రాతిగనిలో రాతితీత లెక్క రాసుకున్న ఒక సిరా రాత బయటికొచ్చింది. అందులో అఖెనాటెన్ 16వ ఏడు అనీ, పట్టపురాణి నెఫర్‌టీటీ అనీ ఉంది. గనిలో లెక్క రాసుకునే మనిషికి అబద్ధం రాయాల్సిన అవసరమేముంది? ఇలాంటి కాగితానికే నేను ఎక్కువ మార్కులేస్తాను. రాజు చెక్కించిన శాసనం అర్జీదారు వాంగ్మూలం లాంటిది. గని లెక్క, జాడీ మీద చీటీ, గుమాస్తా రాత ఇవి ఎవరినీ మెప్పించడానికి రాసినవి కావు.

జాడీ అన్నాను కదా. అమర్నాలో దొరికిన ఒక జాడీ మీద మొదట 17వ ఏడు, తేనె అని రాసి ఉంది. దాన్ని కొంత చెరిపి, 1వ ఏడు, ద్రాక్షసారా అని మళ్లీ రాశారు. జాడీ అదే. 17వ ఏడు తర్వాత అఖెనాటెన్ తేదీలు లేవు కాబట్టి, అతను పోయి ఇంకొకరి లెక్క మొదలైందని చాలామంది దీన్ని చూపిస్తారు. 17ను పెన్నుతో రాయొచ్చు. ఆ 1వ ఏడు ఎవరిదన్నది పెన్సిలే.

ఇప్పుడు ఇద్దరు వస్తారు. ఇద్దరి పట్టాభిషేక నామం అంఖ్‌ఖెపెరురె. వచ్చిన తంటా అంతా ఇదే.

ఒకరు స్మెంఖ్‌కరె. మెరిరె సమాధిలో ఒక రాజు, పక్కన రాణి మెరిటాటెన్ ఉన్న బొమ్మ సగం గీసి ఆపేశారు. అక్కడి పేర్లను 19వ శతాబ్దంలో నకలు తీశారు కాబట్టి బతికాయి, ఇప్పుడు గోడ మీద లేవు. ఒరిజినల్ పోయి జిరాక్స్ మిగిలిన కేసు. నేనైతే ఈ జిరాక్స్‌ను ఒప్పుకుంటాను, తీసినవాళ్లకు ఆ పేరుతో లాభం లేదు గనక. స్మెంఖ్‌కరె మగవాడు, మెరిటాటెన్ భర్త, ఏలింది కొద్దికాలం.

రెండోవారు నెఫర్‌నెఫరుఆటెన్. ఈ పేరు కొన్ని చోట్ల స్త్రీలింగ ప్రత్యయంతో ఉంది. ఒక బిరుదు "భర్తకు మేలుచేసేది" అని తేలింది. కాబట్టి రాజుగా ఏలిన ఆడమనిషి. ఎవరు? మెరిటాటెన్ అని కొందరు, నెఫర్‌టీటీ అని చాలామంది. ఇక్కడ ఒక పెట్టె ముక్క చూడండి. టుటన్‌ఖామున్ సమాధి తవ్వినప్పుడు హోవర్డ్ కార్టర్ ప్రతి వస్తువుకూ నంబరు వేసి కార్డు రాశాడు. ఆ కార్డులన్నీ ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 001 నంబరు కింద కే అక్షరం ఉన్న కార్డు తీయండి. ఆ పెట్టె మీద వరసగా మూడు పేర్లున్నాయి: అఖెనాటెన్, నెఫర్‌నెఫరుఆటెన్, పట్టపురాణి మెరిటాటెన్. ఒకే కాగితంలో రెండు పేర్లు పక్కపక్కన వేర్వేరు హోదాలతో ఉంటే ఇద్దరు మనుషులే. తలాఠీ (మా ఊరి భూమి రికార్డులు చూసే ఉద్యోగి) కూడా అలాగే చదువుతాడు. మెరిటాటెన్ పోగా మిగిలేవాళ్లలో భర్త, హోదా, 16వ ఏట బతికున్న రుజువు మూడూ కుదిరేది నెఫర్‌టీటీకి. నేను ఆమె పేరే రాస్తాను, పెన్సిలుతో. ఇద్దరిలో ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. రెండు వరసలనూ పక్కపక్కన వేసి బాణం గుర్తు పెట్టకుండా వదిలేయండి.

నెఫర్‌నెఫరుఆటెన్ గడిలో ఇంకో కాగితం తప్పకుండా రాసుకోవాలి. ఈ మొత్తం ఫైలులో నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. దక్షిణాన థీబ్స్ నగరంలో పైరి అనే ఆయన సమాధిలో గుమ్మం దగ్గర ఒక సిరా రాత ఉంది. ఆ రాజు 3వ ఏడు, వరద కాలం మూడో నెల, 10వ రోజు. రాయించుకున్నది పవాహ్, థీబ్స్‌లో అంఖ్‌ఖెపెరురె కట్టిన గుడిలో అమున్ నైవేద్యాల లెక్క రాసే గుమాస్తా. రాసిపెట్టింది తమ్ముడో అన్నో, బొమ్మల గీతలు గీసే బత్చాయ్. పవాహ్ అమున్‌ను వేడుకుంటాడు: నన్ను చీకట్లో పడేశావు, నిన్ను చూసే వెలుగియ్యి, మా వైపు తిరుగు. చూపు పోయినవాడని చదివేవాళ్లున్నారు, రాత తోబుట్టువు చేతిది కావడానికి కారణం అదే కావచ్చు.

ఇక తేదీ చూడండి. అమర్నా కుటుంబమే ఇంకా గద్దె మీద ఉంది. అప్పటికే అమున్‌కు నైవేద్యం వెళ్తోంది, లెక్క రాయడానికి గుమాస్తా ఉన్నాడు, అదీ ఆ రాజు కట్టిన గుడిలోనే. పాత దేవుణ్ణి తెచ్చింది టుటన్‌ఖామున్ అని గైడులో ఒక్క లైనులో రాస్తారు. ఆ లైను కింద పవాహ్ పేరు రాసుకోండి.

శవాలకు వేరే కాగితం

డీఎన్ఏ వీడియోలు చూసి వచ్చేవాళ్లకు చెప్పేదొకటే. ఎవరు ఎవరి బిడ్డ అన్నది ఒక కాగితం, ఎవరు గద్దెనెక్కారన్నది ఇంకో కాగితం. కలపొద్దు.

రాజుల లోయలో కేవీ 55 అనే సమాధి 1907 జనవరిలో బయటపడింది. లోపల శవపేటిక మీది పేర్లు చెక్కేసి ఉన్నాయి, ముఖం మీది బంగారు రేకు చీల్చేసి ఉంది. లోపల ఉన్నది మగ ఎముకల గూడు. 2010లో వచ్చిన డీఎన్ఏ నివేదిక ప్రకారం అతను మూడో అమెన్‌హోటెప్, తియేల కొడుకు, టుటన్‌ఖామున్ తండ్రి. టుటన్‌ఖామున్ తల్లి అతని సొంత చెల్లెలో అక్కో. అయితే అతను అఖెనాటెనా, స్మెంఖ్‌కరెనా? ఆ నివేదిక రాసినవాళ్లు వయసు 35 నుంచి 45 అన్నారు. ఎముకలను చూసిన ఇతర నిపుణులు చాలామంది 20, 25 మధ్య అన్నారు. పదిహేడేళ్లు ఏలి ఆరుగురు కూతుళ్లను కన్నవాడు పాతికేళ్లకే పోయాడంటే కుదరదు. వయసు తేలేదాకా ఈ కాగితం మీద సంతకం పెట్టను.

టుటన్‌ఖామున్ రాజుగారి కొడుకు అనడానికి మాత్రం రాతిలో రుజువుంది. నదికి అవతల హెర్మోపొలిస్‌లో దొరికిన అమర్నా రాయి మీద, చిన్నప్పటి పేరుతో, రాజు ఒంటి నుంచి పుట్టిన కొడుకు అని ఉంది. ఏ రాజో ఆ రాయి చెప్పదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రాతి సింహం మీద ఇతను మూడో అమెన్‌హోటెప్‌ను తండ్రి అన్నాడు. దాన్ని పట్టుకుని పరుగెత్తకండి. అది తాతముత్తాతల్ని కూడా అలా పిలిచే మర్యాద, పైగా మధ్యలో ఉన్న చెడ్డపేరు మనిషిని దాటెయ్యడానికి వీలైన మాట.

పిల్లరాజు వాంగ్మూలం

గద్దెనెక్కేనాటికి అతనికి ఎనిమిదీ తొమ్మిదేళ్లు. పేరు మారింది, నగరం ఖాళీ అయింది. బంగారు సింహాసనం మీద పాత పేరూ కొత్త పేరూ రెండూ ఉన్నాయి. అది చాలు పెన్నుతో రాయడానికి.

థీబ్స్‌లోని కార్నాక్ గుడిలో 1905లో దొరికిన పునరుద్ధరణ శాసనాన్ని అర్జీ చదివినట్టు చదవండి. ఎలిఫెంటైన్ నుంచి డెల్టా బురదనేలల దాకా గుళ్లు పాడుబడ్డాయి, కలుపు మొలిచింది, దేవుళ్లు మొహం తిప్పుకున్నారు, సైన్యం వెళ్లినా గెలుపు లేదు, మొక్కితే పలికే దేవుడు లేడు. అర్జీ రాసేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే, కష్టం పెద్దది చేసి చెప్పాలి. ఆ తర్వాత వచ్చే లెక్కలు మాత్రం గట్టివి. ఇదివరకు 11 మోత కర్రల మీద ఊరేగే అమున్‌కు ఇప్పుడు 13 కర్రల పల్లకీ. గుడికి కొత్త పూజారులు, దాసీలు, బంగారం. తప్పుచేసిన రాజు పేరు ఎక్కడా ఎత్తలేదు. నాలుగో గడిలో రాసుకోవాల్సింది ఇంకోటుంది, ఈ రాయి మీద టుటన్‌ఖామున్ పేరు చెరిపి, తర్వాత రాజైన హోరెమ్‌హెబ్ తన పేరు చెక్కించుకున్నాడు. మంచిపని చేసిన పేరు కూడా పిల్లవాడికి మిగల్లేదు.

పద్దెనిమిదీ పందొమ్మిదేళ్లకు పోయాడు. సమాధిలో రెండు చిన్న పేటికల్లో పుట్టకుండానే పోయిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. వారసుడు లేడు.

ఆ సందులో ఒక ఉత్తరం, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు సుప్పిలులియుమా దగ్గరికి వెళ్లింది. దాన్ని అతని కొడుకు ముర్సిలి తండ్రి చరిత్రలో రాయించాడు. ఈజిప్టు రాణి అంటోంది, భర్త పోయాడు, కొడుకు లేడు, నీకు చాలామంది కొడుకులంట, ఒకణ్ణి పంపితే భర్తను చేసుకుంటా, నా సేవకుణ్ణి మాత్రం చేసుకోను. నమ్మలేక అతను ఎంక్వైరీకి మనిషిని పంపాడు. చలికాలం గడిచిపోయింది. చివరికి కొడుకు జన్నంజాను పంపితే దారిలోనే చచ్చాడు. పోయిన భర్త పేరు హిట్టైట్ రాతలో నిభురురియ. అది టుటన్‌ఖామున్ పట్టాభిషేక నామం నెబ్‌ఖెపెరురెకు సరిపోతుంది. పోయిన భర్త అఖెనాటెన్ అని వాదించేవాళ్లు కొందరున్నారు గానీ నాకు వాళ్ల వాదన అతికించినట్టుంటుంది.

రాణి చేసుకోనన్న సేవకుడు దర్బారులోని పెద్ద అధికారి ఆయ్ కావచ్చని చాలామంది ఊహ. టుటన్‌ఖామున్ సమాధి ఉత్తరపు గోడ మీద చిరుతతోలు కప్పుకుని, నీలి కిరీటం పెట్టుకుని, శవానికి నోరు తెరిచే కర్మ చేస్తున్నది ఆయ్. ఆ కర్మ వారసుడు చేయాల్సింది. తలకొరివి పెట్టినవాడికి హక్కు ఉన్నట్టే అన్నది మా దగ్గరా నడిచే మాట, తహసీలులో మాత్రం నడవదు. ఆయ్ దగ్గర నడిచింది. కనీసం 4వ ఏటి దాకా ఏలాడు. అఖెనాటెన్ దర్బారులో ఉన్నప్పుడు తనకోసం అమర్నాలో తవ్వించుకున్న సమాధిలో ఆటెన్ మహాస్తోత్రం మొత్తం చెక్కించుకున్నది ఈయనే. రెండు దేవుళ్ల కాలంలోనూ కుర్చీ వదలని మనిషి.

ఆఖరి పేరు, కుదరని కూడిక

తర్వాత సేనాపతి హోరెమ్‌హెబ్. రాజరక్తం లేదు. అతని పట్టాభిషేక శాసనం ప్రకారం హోరస్ దేవుడే తీసుకెళ్లి అమున్‌కు అప్పగించాడు. దేవుడి సాక్షి సంతకం ఉన్నాక ఎవరు అడ్డం పెడతారు. అఖెనాటెన్ కట్టించిన గుళ్లను విప్పించి, ఆ చిన్న రాళ్లను కార్నాక్ గోపురాల కడుపులో కూరించాడు. అలా దాచిపెట్టినందుకే అవి వేలకొద్దీ మనకు దక్కాయి. అబిడోస్ గుడిలో తర్వాతి వంశపు రాజు మొదటి సెతి చెక్కించిన 76 పేర్ల రాజుల జాబితా మూడో అమెన్‌హోటెప్ నుంచి నేరుగా హోరెమ్‌హెబ్‌కు దూకుతుంది. మీ చార్ట్ మీద ఆ రెండు పేర్లను గీతతో కలిపి చూడండి. మధ్యలో ఉన్నవాళ్లందరికీ కంసు కూడా దక్కలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే తర్వాతి వంశంలోని రెండో రామెసెస్ కాలంలో మోసె అనే ఖజానా గుమాస్తా భూమి కేసు నడిపాడు. గెలిచాడేమో, కేసు మొత్తం సక్కారాలోని తన సమాధి గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ భూమి పూర్వీకుడు నెషికి అహ్మోస్ రాజు బహుమానంగా ఇచ్చింది. తరతరాల వారసులు, వాటా అడిగిన ఆడపిల్ల, విధవరాలైన తల్లి నుబ్‌నోఫ్రెత్‌ను పొలంలోకి రానివ్వని ఖాయ్, రిజిస్టరు తెప్పించి చూస్తే తల్లి పక్షం పేర్లే మాయం, దొంగ కాగితం పెట్టారన్న ఆరోపణ. చివరికి మోసె ఊరివాళ్లను సాక్షులుగా తెచ్చి తండ్రి వంశం చెప్పించాడు. చదువుతుంటే మా షెడ్డు కింద కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ కేసులో రెండు మాటలు పట్టుకోండి. అఖెనాటెన్‌ను పేరెత్తకుండా అఖెటాటెన్ శత్రువు అన్నారు. ఇంకోచోట హోరెమ్‌హెబ్ 59వ ఏడు అని తేదీ వేశారు. అతను అన్నేళ్లు ఏలలేదు. చెరిపేసిన రాజుల ఏళ్లన్నీ తెచ్చి అతని ఖాతాలో వేశారని లెక్క. మీ రెండో గడి నుంచి కూడండి: అఖెనాటెన్ 17, స్మెంఖ్‌కరె 1, నెఫర్‌నెఫరుఆటెన్ 3, టుటన్‌ఖామున్ 9, ఆయ్ 4. మొత్తం 34. 59లోంచి తీస్తే హోరెమ్‌హెబ్‌కు 25 మిగలాలి. చాలాకాలం పుస్తకాల్లో అతనికి పాతికేళ్ల పైనే రాశారు. తర్వాత రాజుల లోయలో అతని సమాధిని మళ్లీ శుభ్రంచేసి, అంత్యక్రియల ద్రాక్షసారా జాడీల పెంకులు ఏరి చదివితే తేదీలు 13, 14 ఏళ్లవే ఉన్నాయి. 2008 నుంచి చాలామంది 14 అనే రాస్తున్నారు.

25, 14 కుదరవు. ఒకటి, కోర్టులో ఎన్నో ఏళ్ల తర్వాత కక్షిదారులు చెప్పిన తేదీ, అదీ గోడ మీదికి ఎక్కిన నకలు. రెండోది, సారా దింపిన ఏడు జాడీ మీద రాసి, ఆ జాడీని శవంతో పాటు లోపల పెట్టి మూసేశారు. నా చార్ట్‌లో హోరెమ్‌హెబ్ ఎదురుగా 14 పెన్నుతో ఉంది. దాని కింద 59 పెన్సిలుతో రాసి, మోసె కేసు అని పెట్టాను. అతనికీ కొడుకు లేడు, మంత్రి పరామెసును ఎంచుకున్నాడు. ఆ పరామెసే మొదటి రామెసెస్, అక్కడి నుంచి కొత్త వంశం. దానికి ఇంకో చార్ట్ పేపరు కావాలి.